రెక్కలు లేని ఐఎక్స్‌వీ నమూనా ఫ్యాన్ గాలికి పల్టీ కొడుతోంది, బరువు ఎక్కడ పెట్టాలి?

ఏరోస్పేస్ చదివిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మాది మిర్యాలగూడ. మా చెల్లె తొమ్మిదో తరగతి, సైన్స్ ఫెయిర్‌కి రాకెట్లు అందరూ తెస్తారని యూరప్ అంతరిక్ష సంస్థ వాళ్ల ప్రయోగాత్మక వ్యోమనౌక ఐఎక్స్‌వీ చేస్తానని పట్టుబట్టింది. అదే, 2015 ఫిబ్రవరి 11న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి వేగా రాకెట్ మీద వెళ్లి, 412 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి, సెకనుకు 7.5 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దిగి, చివరికి పారాచూట్లతో పసిఫిక్‌లో పడింది చూడండి, అది. ఐదు మీటర్ల పొడవు, లోపల మనిషి లేడు, రెక్కలూ లేవు. లిఫ్ట్, అంటే గాలి పైకి లేపే బలం, మొత్తం ఒంటి ఆకారం నుంచే, దారి మార్చడానికి వెనక రెండు ఫ్లాపులు, గ్యాస్ చిమ్మి నెట్టే చిన్న థ్రస్టర్లు.

థర్మాకోల్‌తో చెక్కి, దారాలకు వేలాడదీసి స్టాండ్ ఫ్యాన్ ముందు పెట్టాం. ఒకటో నంబర్‌లో బుద్ధిగా ఉంటుంది, మూడు పెట్టగానే ముక్కు లేచి వెనక్కి పల్టీ. ముక్కులో నట్లు గుచ్చితే పల్టీ ఆగింది గానీ మొత్తం ముందుకు వాలిపోయింది, ఇక లిఫ్ట్ ఏం చూపిస్తాం? బరువు కేంద్రం పొడవులో ఎక్కడ ఉండాలి? ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది కదా, ముందర స్ట్రాల కట్ట పెడితే నిజంగా సరిగ్గా వస్తుందా?

ఇంకోటి. 2016లో ఇస్రో ఎగరేసిన, మళ్లీ వాడదగిన వాహనం నమూనా ఆర్ఎల్‌వీ-టీడీకి రెక్కలున్నాయి, దీనికెందుకు లేవని సార్లు తప్పకుండా అడుగుతారు. పల్చటి అంచులు ఎక్కువ వేడెక్కుతాయని చెప్పమన్నాను, అది సరిపోతుందా? ఫార్ములాలు వద్దు ప్లీజ్, చెల్లె నన్నే వివరించమంటుంది.