రాన్ హెయిన్సీ కెరీర్‌ను దేనితో కొలవాలి: కప్పుతోనా, ఆడిన నిమిషాలతోనా?

నీలిగీత:
ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ఆటగాడు రాన్ హెయిన్సీ పేరెత్తితే చాలు, అదృష్టం కలిసొచ్చిన సగటు డిఫెన్స్‌మన్ అని తేల్చేస్తున్నారు. 2000 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏర్పాటులో, మాంట్రియల్ ఆయనను 13వ స్థానంలో ఎంచుకుంది. కొలంబస్, అట్లాంటా, విన్నిపెగ్, కరోలైనా జట్లు తిరిగి 2017 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ చేరిన ఆయన, తొలి ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ పోటీ) మ్యాచ్ ఆడేసరికి 907 సాధారణ లీగ్ మ్యాచ్‌లు పూర్తయ్యాయి. అంతకాలం ఎదురుచూసినవారు అప్పటికి మరొకరు లేరు. ఆ జూన్‌లో జట్టు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ దానిని మొదట అందించింది ఆయనకే. ఆ కప్పు రాకపోయినా ఆయనది విజయవంతమైన కెరీరేనని నా వాదన. కాదనేవారు కారణాలు చెప్పండి.

రెండోజోడీ:
కాదనే నేను అంటాను. డ్రాఫ్ట్ తొలి రౌండులో తీసుకున్న ఆటగాడిని మాంట్రియల్ 2005లో వేవర్స్‌లో, అంటే ఏ జట్టైనా తీసుకుపోగల జాబితాలో, పెట్టింది. బదులుగా ఎవరినీ ఇవ్వనక్కరలేకుండానే కొలంబస్ తీసుకుపోయింది. 2008లో ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయిన మరుసటి సీజన్‌లోనే ఆ జట్టు తన చరిత్రలో తొలిసారి ప్లేఆఫ్స్ చూసింది. 2015లో విన్నిపెగ్, 2019లో కరోలైనా కూడా ఆయన లేకుండానే వెళ్లాయి. ఇన్నిసార్లు జరిగినదాన్ని దురదృష్టం అనలేం.

మిసిసాగావాసి:
రెండోజోడీ గారు లెక్కలో సగమే చూపించారు. ఆయన వెళ్లిపోయిన వెంటనే విన్నిపెగ్ కానీ, కరోలైనా కానీ బాగుపడలేదు. ఒక్కొక్కదానికి రెండేళ్లు పట్టింది. కొలంబస్ విషయానికొస్తే, 2009లో ఆ జట్టును మోసినవాడు ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం అందుకున్న గోలీ స్టీవ్ మేసన్.

పిట్స్‌బర్గ్ తరువాత టొరంటోలో ఆడిన రెండు సీజన్లూ ఆయన ఆటను శ్రద్ధగా చూశాను. మొదటి సీజన్‌లో ముప్పయ్యారేళ్ల వయసులో, మోర్గన్ రీలీ పక్కన, అరవై నిమిషాల మ్యాచ్‌లో సగటున 21 నిమిషాలకు పైగా ఆడాడు. పెనాల్టీ పడి జట్టు నలుగురికి తగ్గినప్పుడు ఆయన పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) వెంట పరుగెత్తేవాడు కాదు. గోల్ ముందు కర్రను మంచుకు ఆనించి, అడ్డంగా వచ్చే పాస్‌కు దారి మూసి నిలబడేవాడు, పక్ చిక్కగానే రెండో ఆలోచన లేకుండా రింకు అవతలి కొసకు కొట్టేసేవాడు. చూడముచ్చటైన ఆటేమీ కాదు, పాయింట్ల పట్టికలోనూ కనబడదు. 2017లో మెడ శస్త్రచికిత్సతో ప్రధాన డిఫెన్స్‌మన్ క్రిస్ లెటాంగ్ ప్లేఆఫ్స్‌కు పూర్తిగా దూరమైనా పిట్స్‌బర్గ్ కప్పు గెలవగలిగిందంటే, బ్రయన్ డ్యూమొలిన్ పక్కన హెయిన్సీ ఆ బరువును మోయడమే ఒక ముఖ్య కారణం.

రెండోజోడీ:
నిమిషాలు ఎక్కువ ఇచ్చారంటే అంతకంటే మంచివాడు దొరకలేదని కూడా అర్థం కావచ్చు కదండీ. అదే టొరంటో 2018లోనూ, 2019లోనూ ప్లేఆఫ్స్ తొలి రౌండులోనే బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడింది. డిఫెన్స్‌మెన్ ఇద్దరిద్దరుగా దిగుతారు, ఎక్కువ సమయం మొదటి జోడీదే; మూడో జోడీలో ఉండవలసిన మనిషిని మొదటి జోడీలో ఆడించడం ఆ జట్టు బలహీనత. దానిని ఆయన గొప్పతనంగా చెప్పుకోవడం నాకు మింగుడుపడదు. పెనాల్టీ సమయంలో ఆయన విలువను మాత్రం ఒప్పుకుంటాను.

నీలిగీత:
మొదటి జోడీలో ఆడించడం కోచ్ నిర్ణయం, దాని భారం ఆటగాడి మీద వేయకండి. ఇక మంచివాడు దొరకలేదన్న మాటకు 2013 చూడండి. జట్ల యజమానులు ఆట నిలిపేసిన 2012–13 లాకౌట్ చర్చల్లో ఆటగాళ్ల సంఘం పక్షాన చురుగ్గా నిలిచిన ఆయనకు, ఆ వేసవి గడిచి సెప్టెంబరు వచ్చేదాకా ఒక్క జట్టూ ఒప్పందం ఇవ్వలేదు. తమ డిఫెన్స్‌మన్ యోని పిట్కానెన్ గాయపడ్డాక కరోలైనా 20 లక్షల డాలర్లకు ఒక్క ఏడాదికే తీసుకుంది. అలా ఖాళీ పూడ్చడానికి పిలిచిన మనిషిని నాలుగో సీజన్ దాకా వదులుకోలేదు. వదులుకున్నప్పుడు కూడా రెండో రౌండు డ్రాఫ్ట్ ఎంపిక హక్కునూ, మరో ఆటగాడినీ పుచ్చుకున్న తరువాతే. ప్లేఆఫ్స్ లేకపోవడమే కొలమానమైతే, ఆయన నిరీక్షణ రికార్డును 2025లో 1,078 మ్యాచ్‌లతో దాటిన జెఫ్ స్కిన్నర్‌నూ సగటు ఆటగాడనాలి. కరోలైనాలో హెయిన్సీ సహచరుడైన ఆ స్కిన్నర్ కూడా ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం గెలిచినవాడే. హెయిన్సీ మొత్తం 1,132 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. 2000 తొలి రౌండులో ఆయనకంటే ముందు ఎంపికైన పన్నెండు మందిలో ఎందరు అంతదూరం వచ్చారో చూసి, అప్పుడు 13వ స్థానం గురించి మాట్లాడండి.