మూడో రోజుకే బుడగలు ఆగిపోయాయి, సీసాల్లో పోసేయొచ్చా?

కొత్తనురగ: మొదటిసారి ఇంట్లో బీరు పెట్టాను, 10 లీటర్లు. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ని (మొలకెత్తిన బార్లీ పాకం) హాప్స్‌తో (చేదునిచ్చే పూలు) గంటసేపు మరిగించి, చల్లార్చి, ఏల్ అనే రకం బీరుకి వాడే ఈస్ట్ వేశాను. రెండు రోజులు ఎయిర్‌లాక్ (డబ్బా మూతకి ఉండే, గ్యాస్ బయటికి వదిలే గొట్టం) బుడబుడలాడింది. మూడో రోజు పొద్దున్నకి చప్పుడే లేదు. ఒకటే టెన్షన్. పులియడం అయిపోయినట్టేనా?

సీసాలవాడు: దయచేసి ఇప్పుడే పోయకండి. నేను తొందరపడి ఆరో రోజే సీసాలు నింపాను. లోపల మిగిలిన చక్కెరకు, సీసాలో గ్యాస్ పట్టడం కోసం నేను వేసిన చక్కెర తోడైంది. పది రోజులకు అర్ధరాత్రి ఒకటి పేలింది. అలమర తెరిస్తే గాజు పెంకులు చెక్కలో దిగబడి ఉన్నాయి. మూత సరిగ్గా బిగియకపోయినా బుడగలు రావు, వాటిని నమ్మొద్దు. హైడ్రోమీటర్ కొనండి, అది బీరు సాంద్రత కొలుస్తుంది; చక్కెర పులిసి తగ్గేకొద్దీ అంకె దిగుతుంది. మొదట 1.045 ఉన్నది 1.010 దగ్గరికి దిగి, రెండు మూడు రోజుల తర్వాత చూసినా కదలకపోతే అప్పుడు అయినట్టు.

చల్లగది: గది వేడి ఎంతండీ? చాలా ఏల్ ఈస్ట్‌లకు 18–22 డిగ్రీలు బాగుంటుంది. పులిసేటప్పుడు డబ్బా లోపల ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది కూడా. నాది 28లో పులిసి అరటిపండు వాసన, గొంతులో మంట. ఇప్పుడు డబ్బాని నీళ్ల తొట్టిలో ఉంచి, తడి తువ్వాలు చుట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పూటపూటా మారుస్తున్నాను. మొదటి మూడు రోజులు ఈ కష్టం పడితే చాలు, రుచిలో తేడా తెలుస్తుంది.

కొత్తనురగ: గది 26. హైడ్రోమీటర్ తెచ్చి చూశాను, 1.018. పోయకపోవడమే మంచిదైంది!

కుళాయిపాఠం: కొలవడానికి తీసిన బీరు మళ్లీ డబ్బాలో పోయకండి, రుచి చూసేయండి. ఇంకోమాట, డబ్బాకి కుళాయి ఉంటే విప్పి కడగండి. నా రెండో విడత పుల్లగా పాడైంది. డబ్బా తళతళలాడుతోంది, కుళాయి విప్పితే మరలో వేలికి అంటుకునే జిగట. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. బ్లీచ్ మిగిలితే మాత్రం మందుల వాసన వస్తుంది.

కొత్తనురగ: 12వ రోజు 1.011, 14వ రోజు కూడా 1.011. లీటరుకు 6 గ్రాముల లెక్కన 60 గ్రాముల చక్కెర నీళ్లలో మరిగించి, చల్లార్చి కలిపాను. ఎండ తగిలితే కంపు వస్తుందని గోధుమరంగు సీసాలే వాడాను.

సీసాలవాడు: భలే! ఒక్కటైనా ప్లాస్టిక్ సీసాలో నింపారా? రోజూ చేత్తో నొక్కి చూస్తే గ్యాస్ ఎంత పట్టిందో తెలిసిపోతుంది. రెండు వారాలు ఆగి, ముందు ఒకటి చల్లబరిచి తెరవండి.