ఎలుక అన్ని నీళ్లెందుకు తాగింది: కాకతాళీయమా, ఇంకేదైనానా?

బోనుపక్కన:
1961లో జాన్ ఫాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల్ని అరకడుపున ఉంచి, మీట నొక్కుతుంటే సగటున నిమిషానికో తిండి గుళిక పడేలా పెట్టాడు. పక్కనే నీళ్ల సీసా. గుళిక నమిలిందంటే చాలు, సీసా దగ్గరికి పరుగు. మూడు గంటల చిల్లరలో తన బరువులో దాదాపు సగం నీళ్లు! మామూలుగా రోజంతా తాగేదానికి మూడింతల పైమాటే. తాగితే గుళిక వస్తుందనేం లేదు. 1948లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల్లో చూశానన్న ‘మూఢనమ్మకం’ లాంటిదే ఇదీ. అవి ఏం చేసినా చేయకపోయినా గింజలు వేళకి వచ్చేవి, అయినా గింజలు పడేముందు చేస్తున్న పనినే మళ్లీ మళ్లీ చేశాయి. తాగాక గుళిక పడింది, రెండూ ముడిపడ్డాయి. కాదనేవాళ్లు రండి.

ఓరుగల్లు_పిల్లగాడు:
గుళికలు పొడిగ ఉంటయి గద అన్నా, నోరెండి తాగుతున్నదేమో? మా పిల్లలు మరమరాలు తిన్నా గంతే.

గింజలబుట్ట:
తమ్ముడూ, ద్రవాహారం పెట్టినా తాగాయి. పైగా అవే గుళికలు ఒక్కసారే కుమ్మరిస్తే ఇంత తాగవు. అసలు సంగతి గుళికకీ గుళికకీ మధ్య ఎడంలో ఉంది. మరీ దగ్గర దగ్గరగా వేసినా తగ్గుతుంది, మరీ దూరం చేసినా తగ్గుతుంది.

బోనుపక్కన గారూ, కాకి వాలాక తాటిపండు పడితే కాకతాళీయం. ఇక్కడ పండు పడ్డాక కాకి వాలుతోంది! తాగేది తిన్న వెంటనే, తర్వాతి గుళికకి ఇంకా బోలెడు టైముంది. స్కిన్నర్ ప్రయోగాన్నే 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే పరిశోధకులు మళ్లీ చేసి గమనిస్తే, గింజలు వచ్చే ముందు పావురాలన్నీ ముక్కుతో పొడవడమే. తిరగడాలూ గిరగడాలూ ఎడం మొదటి భాగంలోనే. ఫాక్ దీన్ని వేరే జాతి అన్నాడు, ‘అనుబంధ ప్రవర్తన’ అని. అంటే ప్రతిఫలం నేర్పింది కాదు, తిండి మధ్య ఎడంతో పాటు వచ్చేది.

బోనుపక్కన:
కాకి దెబ్బ తగిలింది, ఒప్పుకుంటా 🙂 కానీ ఎలుక సీసా నాకితే గుళిక ఆలస్యమయ్యేలా పెట్టినప్పుడు తాగడం తగ్గింది. ఫలితంతో సంబంధమే లేకపోతే తగ్గడమెందుకు? కిలీన్, పెయోన్ అనే పరిశోధకులు 2013లో వాదించింది అదే. ప్రతిఫలం ప్రభావం ఆలస్యమైనా కొంత వెనక్కి పాకుతుంది. చివరి క్షణాలు పొడవడం లాంటివి ఆక్రమిస్తాయి, ముందు ఖాళీ తాగడానికి మిగులుతుంది.

గింజలబుట్ట:
తగ్గించగలిగారు, సరే. మొదట పుట్టించిందెవరు? అలాగే ఎడమిచ్చి తిండి వేస్తుంటే పావురం పక్క పావురాన్ని పొడుస్తుంది, ఎలుక తాగుతుంది. ఆ తేడా మీ ప్రతిఫలంలోంచి రాదు.

ఓరుగల్లు_పిల్లగాడు:
సీసా తీసేసి చెక్కముక్క పెడితే?

గింజలబుట్ట:
కొరుకుతుంది తమ్ముడూ.

బోనుపక్కన:
అది కూడా నా లెక్కలోకే వేసుకుంటా. ఖాళీ ఉంది, చేతికందినది చేసింది.