సమస్య: భార్య కడుపునుండి భర్త పుట్టె

నిర్వాహకులు, పర్లాకిమిడి: ఈ వారం ఆటవెలది చివరి పాదాన్ని ఇస్తున్నాను. వినడానికి అసంగతంగా ఉన్న ఈ మాటను, ముందు మూడు పాదాలు కట్టి, వావి చెడకుండా, యతి తప్పకుండా సమర్థించాలని సభ్యులను కోరుతున్నాను.

బరంపురం సభ్యురాలు:

గర్భమందుఁ జొచ్చి కాంతుఁడే సుతుఁడుగా
జనన మందుకతన జాయ యనుచు
మనువు పలికినట్టి మాటయే నిజమయ్యె
భార్య కడుపునుండి భర్త పుట్టె

నిర్వాహకులు: అమ్మా, ధార చక్కగా ఉంది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలోని ‘జాయ’ (భార్య) శబ్ద నిర్వచనం ఈ సమస్యకు రాచబాట.

రాయగడ సభ్యులు:

ఎస్పెరాంటొలోన నెడ్జినో యను మాట
ఆలి పేరు, దాని యాఁడుగుఱుతు
తొలఁగఁ జేసినంత దొర నిల్చె నచ్చోట
భార్య కడుపునుండి భర్త పుట్టె

జామెన్‌హాఫ్ 1887లో వార్సాలో ప్రకటించిన ఎస్పెరాంటో అనే ఈ కృత్రిమభాషలో ‘ఇన్’ అనేది స్త్రీప్రత్యయం. ‘ఎడ్జినో’ భార్య, ‘ఎడ్జో’ భర్త.

నిర్వాహకులు: మాస్టారూ, ఊహ అపూర్వం. గిడుగు రామమూర్తి గారు సవరభాష నేర్చుకొన్న మా ఊరిలో పరభాషాపదం పద్యానికి మైల అని ఎవరూ అనరు. ‘ఎస్పెరాంటో’ తుది దీర్ఘాన్ని కుదించడమూ తెలుగుకు సహజమే. రెండవ పాదం మొదట అచ్చు నిలిచి విసంధి (సంధి చేయకుండా విడవడం) అయింది, ‘యాలి’ అంటే సరిపోతుంది. అసలు లోపం భావంలో ఉంది. ‘పాట్రినో’ (తల్లి) నుండి ‘ఇన్’ తీసినా ‘పాట్రో’ (తండ్రి) మిగులుతుంది గాని, అక్కడ తండ్రిమాటే ముందు పుట్టి తల్లిమాట దాని నుండి వచ్చింది. ఇక్కడ మాత్రమే క్రమం ఎందుకు తిరగబడిందో మీ పద్యం చెప్పడం లేదు. యువరాజు భార్యను జర్మన్‌లో ‘క్రోన్‌ప్రిన్‌ట్సెసిన్’ అంటారు. దాన్ని అనుసరించి వచ్చిన ‘క్రోన్‌ప్రిన్‌ట్సెడ్జినో’లో ముందుభాగం యువరాజు కాబట్టి, మిగిలిన ‘ఎడ్జినో’ భార్య అయిందనీ, అందులోంచి ‘ఇన్’ తీసివేయగా ‘ఎడ్జో’ ఏర్పడిందనీ జామెన్‌హాఫే ఒక లేఖలో వివరించారు. ఆ యువరాజు భార్య పద్యంలోకి రావాలి.

రాయగడ సభ్యులు: మీ సూచన శిరోధార్యం. మొదటి రెండు పాదాలను ఇలా మారుస్తున్నాను (‘లాఁతి’ అంటే పరాయి):

రాకుమారునాలి లాఁతిపేరందుండి
యాలి వేఱుపడఁగ నాఁడుగుఱుతు

నిర్వాహకులు: ర-లలకు అభేదయతి (రెండక్షరాలనూ ఒకటిగా ఎంచే యతి) చెల్లుతుంది. ఇప్పుడు కారణం కూడా పద్యంలోనే ఉంది. భాష పేరు జారిపోయింది కనుక దాన్ని పద్యానికి శీర్షికగా ఉంచండి.