మందు ముట్టని ఇంట్లో సిరోసిస్: టెలోమియర్ పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న (పర్లాకిమిడి)

నమస్కారం. నాకు 44 ఏళ్లు. మాది తరతరాలుగా కొమ్ముపని. గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, చేపలు చేస్తాం. పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా కూర్చునే ఉంటాను. పోయిన నెల కడుపునొప్పి వస్తే శ్రీకాకుళం వెళ్లి స్కానింగ్ చేయించుకున్నాను. ఫ్యాటీ లివర్ (కాలేయానికి కొవ్వు పట్టడం), గ్రేడ్ 2 అని రాశారు. కాలేయం కోసం చేసిన రక్తపరీక్షల్లో ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు. బరువు 78 కిలోలు.

అక్కడ ఒక ల్యాబ్ మనిషి టెలోమియర్, అంటే క్రోమోజోముల కొన, దాని పొడవు చూసే రక్తపరీక్ష ఉందని, అది పొట్టిగా ఉంటే కాలేయం త్వరగా చెడిపోతుందని చెప్పాడు. తొమ్మిది వేలట. మాకు అది రెండు వారాల సంపాదన. అయినా వద్దనుకోలేకపోతున్నాను. మా నాన్న 58వ ఏట సిరోసిస్‌తో, అంటే కాలేయం గట్టిపడి పాడై, పోయారు. ఆయన సారా గానీ, కల్లు గానీ జన్మలో ముట్టలేదు. ఆసుపత్రిలో అడుగుపెట్టిన ప్రతిసారీ "ఎంత తాగేవాడు?" అనే అడిగారు. వీధిలో "చాటుగా తాగేవాడేమో" అన్నారు. అమ్మ ఆ మాట తలచుకుని ఇప్పటికీ ఏడుస్తుంది. పెదనాన్నకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. కొమ్ము అరగదీసేటప్పుడు లేచే దుమ్మే కారణం అనుకున్నాం.

జవాబు (రాయగడ)

తమ్ముడూ, ఆ డబ్బు దాచుకో. నాకూ రెండేళ్ల క్రితం ఇదే గ్రేడ్ వచ్చింది. మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) రెండో గిన్నె మానేశాను, టీలో చక్కెర మానేశాను, సాయంత్రం గంటసేపు నడిచాను. ఏడాదిలో ఏడు కిలోలు తగ్గాను, ఎస్‌జీపీటీ మామూలుకు వచ్చింది. మొదటి మూడు నెలలు ఏమీ కదలలేదు. అప్పుడు వదిలేయకు.

జవాబు (బరంపురం)

నేను కాలేయ రోగులను చూసే డాక్టర్‌ని. కణాల్లో జన్యువులను మోసే క్రోమోజోముల కొనల్లో డీఎన్‌ఏలోని ఒకే ఆరక్షరాల వరుస వేలసార్లు వస్తుంది. దాన్నే టెలోమియర్ అంటారు. కణం విభజన చెందిన ప్రతిసారీ అది కొంత తరుగుతుంది. దీన్ని విప్పి చెప్పినందుకే 2009లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్నవారి రక్తకణాల్లో టెలోమియర్లు సగటున పొట్టిగా ఉన్నట్లు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. అయితే అది గుంపు సగటు. వయసు, పొగతాగడం, బరువు కూడా వాటిని తగ్గిస్తాయి. కొవ్వు పట్టి వాచిన కాలేయంలో కణాలు చచ్చి మళ్లీ పుడుతుంటాయి కాబట్టి రోగం కూడా వాటిని అరగదీస్తుంది. ఆ తొమ్మిది వేల కాగితం మీద వచ్చే అంకెతో నేను మీకు మందు మార్చలేను.

మీ చేతిలో ఉన్న కాగితాలే ఎక్కువ చెబుతున్నాయి. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి: 1672. ప్లేట్‌లెట్లు 190 వేలు, దాన్ని ఎస్‌జీపీటీ వర్గమూలం 8తో గుణిస్తే 1520. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.1. ఇది కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేసే ఫిబ్-4 లెక్క. 1.3 కంటే తక్కువగా ఉంటే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. బరువులో 7 నుంచి 10 శాతం, అంటే మీకు ఆరేడు కిలోలు తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. రాయగడ అక్కగారు చెప్పింది అక్షరాలా చేయండి.

కానీ మీరు చివర్లో రాసిన రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. తాగని అన్నదమ్ముల్లో ఒకరికి సిరోసిస్, ఇంకొకరికి ఊపిరితిత్తులు గట్టిపడటం. టెలోమియర్లను కాపాడే టెర్ట్, టెర్క్ అనే జన్యువుల్లో లోపం ఉన్న కుటుంబాల్లో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. దుమ్ము కారణం కాదని అనను, రెండూ తోడై ఉండవచ్చు. ఆ అనుమానానికి వేరే పరీక్షలున్నాయి: రక్తకణాల్లో టెలోమియర్ల పొడవును కచ్చితంగా కొలిచే ఫ్లో-ఫిష్, జన్యుపరీక్ష. వాటిని డాక్టర్ రాయాలి, ల్యాబ్ మనిషి కాదు. చిన్న వయసులోనే జుట్టు నెరవడం కూడా ఆ లోపానికి ఒక గుర్తు. మీ ఇంట్లో ముప్పై ఏళ్లలోపే జుట్టు నెరిసినవారు ఉన్నారా?

ప్రశ్న అడిగినవారు

డాక్టరమ్మా, నాన్న పెళ్లి ఫోటోలోనే ఆయన కణతలు తెల్లగా ఉంటాయి. అప్పటికి 26 ఏళ్లు. నేను 25 నుంచి రంగు వేసుకుంటున్నాను. దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, మేమూ చెప్పలేదు. వచ్చే సోమవారం కాగితాలన్నీ పట్టుకుని బరంపురం వస్తాను. మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను. "కావచ్చు" అనే మాటే తప్ప ఖాయం కాలేదని కూడా చెప్పాను. తాగని అన్నదమ్ములు అన్న చోట ఆపించి, మళ్లీ మొదటినుంచి చదవమంది.