కంప్యూటర్ కేసులన్నీ చూసి తేల్చితే అది నిరూపణ అవుతుందా, కాదా?

సుబేదారి లెక్చరర్:

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. యూనివర్సిటీ వేరే రాష్ట్రంలోది, పేరు వద్దు. టాపిక్ గ్రాఫ్ లేబెలింగ్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు ఉంటాయి. గీతలు ఎన్ని ఉంటే, 0 నుంచి అంతవరకు ఉన్న సంఖ్యల్లోంచి చుక్కకొకటి ఇవ్వాలి. ఇచ్చింది మళ్లీ ఇవ్వకూడదు. గీత రెండు కొసల్లో ఉన్న సంఖ్యల తేడాయే ఆ గీత నంబరు, అదీ రిపీట్ కాకూడదు. నాలుగు చుక్కలు వరుసగా కలిపి 0, 3, 1, 2 అని రాయండి. తేడాలు 3, 2, 1. కుదిరింది. ఇలా కుదిరిన గ్రాఫ్‌ను గ్రేస్‌ఫుల్ అంటారు. వలయం లేకుండా ఒకే ముక్కగా ఉన్న గ్రాఫ్ ఏదైనా గ్రేస్‌ఫుల్ అవుతుందన్న ప్రతిపాదన 1960ల నుంచి తేలకుండా ఉంది. నాది అంత పెద్ద సమస్య కాదు. వలయాలున్న ఒక రకం గ్రాఫులు నావి.

పెద్ద గ్రాఫులన్నిటికీ పనిచేసే సూత్రం చేత్తోనే నిరూపించాను. ఆ సూత్రం అందుకోలేని చిన్న గ్రాఫులు కొన్ని మిగిలాయి. వాటిని ప్రోగ్రాంకు వదిలాను. చాలావాటికి లేబుల్స్ దొరికాయి. కొన్నిటికి మాత్రం అన్ని అవకాశాలూ చూసి ‘లేదు’ అంది. కమిటీలో ఒక పెద్దాయన, ప్రోగ్రాం ఔట్‌పుట్ నిరూపణ కాదు, చేత్తో చేయండి లేదా మూడో చాప్టర్ తీసేయండి అన్నారు. గైడ్ ఏమీ మాట్లాడలేదు. మీరేమంటారు?

మానేరు:

ఇది ఎప్పుడో తేలిన ముచ్చట కదా. ఏ పటానికైనా నాలుగు రంగులు చాలు, సరిహద్దు కలిసే రెండు ప్రాంతాలకు ఒకే రంగు పడదు అన్న సిద్ధాంతాన్ని 1976లో యాపెల్, హాకెన్ అమెరికాలో కంప్యూటర్ మీదే నిరూపించారు. వెయ్యికి పైగా కేసులు, వెయ్యి గంటలకు మించి మెషీన్ టైమ్. అప్పుడు కూడా పెద్దలు గొణిగారు. ఇప్పుడు ఏ టెక్స్ట్‌బుక్‌లో చూసినా అది సిద్ధాంతమే. ప్రతిపాదన అనేవాళ్లు లేరు.

సరదాకి: మన 33 జిల్లాల పటం ముందేసుకుని హనుమకొండ చుట్టూ ఉన్న జిల్లాలను వేలితో లెక్కపెట్టండి. చుట్టూ ఉన్నవి గొలుసులా ఒకదానికొకటి ఆనుకుని, లెక్క బేసి వచ్చిందా, నాలుగో రంగు తప్పదు. సరి వస్తే ఆ ముక్కకు మూడే సరిపోతాయి. ఒక మండలం అటు నుంచి ఇటు మారితే లెక్కా మారుతుంది. మన దగ్గర అది కొత్తేమీ కాదు.

యానాం మిత్రుడు:

చిన్న సవరణ. ప్రాంతం ఒకే ముక్కగా ఉండాలన్న షరతు కూడా చెప్పండి. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అన్నిటికీ ఒకే రంగు వేయాలంటే ఆ సిద్ధాంతం పూచీ పడదు. ఇక చర్చ కానివ్వండి.

లెక్కల సారు, హుజూరాబాద్:

ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. కమిటీలో ఉన్న ఆ పెద్దమనిషి పక్షాన ఒక మాట.

లెక్చరర్ గారూ, ఐదు చుక్కల వలయం తీసుకోండి. గీతలు ఐదు, ఇవ్వగల సంఖ్యలు 0 నుంచి 5. మీ ప్రోగ్రాం 720 రకాలుగా ఇచ్చి చూసి ‘లేదు’ అంటుంది. నిజమే, లేదు. ఎందుకు లేదో అది చెప్పదు. నేను చెబుతాను. వలయం చుట్టూ తిరిగి, గుర్తులతో సహా తేడాలన్నీ కూడితే సున్నా వస్తుంది, ఎందుకంటే బయల్దేరిన చోటికే చేరాం. గుర్తు తీసేసినా సరి సంఖ్య సరిగానే, బేసి బేసిగానే ఉంటుంది. కాబట్టి తేడాల మొత్తం సరి సంఖ్యే కావాలి. మనకు కావాల్సిన తేడాలేమో 1, 2, 3, 4, 5. మొత్తం 15, బేసి. అయిపోయింది.

ఇది ఐదుతో ఆగలేదు చూడండి. ఆరు చుక్కల వలయానికి మొత్తం 21, అదీ కుదరదు. తొమ్మిదికి 45, పదికి 55. నాలుగుతో భాగిస్తే 1 గానీ 2 గానీ మిగిలే వలయాలన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. మీ ప్రోగ్రాంకు తొమ్మిది వేరు, పది వేరు. మళ్లీ మొదటి నుంచీ వెతకాలి. పరిశోధన అంటే ‘లేదు’ అని రిపోర్టు ఇవ్వడమా, ఎందుకు లేదో పట్టుకోవడమా? మూడో చాప్టర్ తీసేయమన్నది కఠినమే గానీ, చేత్తో చేయమన్నది తప్పు కాదు.

కాజీపేట జంక్షన్:

సార్ చెప్పిన నిరూపణ అందంగా ఉంది, మాట లేదు. కానీ అలాంటిది ప్రతి దానికీ ఉండి తీరాలని ఎవరు రాసిచ్చారు? నేను హైదరాబాద్‌లో చిప్ డిజైన్ వెరిఫికేషన్ చేస్తాను, మాకు ఇది రోజూ ఉండే లొల్లి. ఒక ఉదాహరణ ఇస్తాను.

a² + b² = c² అయ్యే త్రికాలు తెలుసుగా, 3, 4, 5 లాంటివి. 1 నుంచి ఒక సంఖ్య వరకు ప్రతి అంకెకు ఎరుపో నీలమో వేయాలి, ఏ త్రికంలోనూ మూడింటికీ ఒకే రంగు రాకూడదు. ఎంతవరకు వేయొచ్చు? 2016లో హ్యూల్, కుల్‌మన్, మారెక్ అనే ముగ్గురు తేల్చారు: 7,824 వరకు కుదురుతుంది, 7,825 వరకు వెళ్తే కుదరదు. మొదటి సగాన్ని ఎవరైనా చెక్ చేయొచ్చు. రంగులు వేసి ఉన్న పట్టిక ఇస్తే చాలు, త్రికాలు చూసుకుంటూ పోవడమే. రెండో సగానికి పుట్టిన నిరూపణ ఫైలు 200 టెరాబైట్లు. మనిషి చదివేది కాదు. మరి 7,825 ఎందుకు? ఇంతవరకూ ఎవరూ సారు చేసినట్టు రెండు లైన్లలో చెప్పలేదు. అయినా ఫలితం ఫలితమే.

లెక్చరర్ గారి చాప్టర్‌లో కూడా రెండు సగాలున్నాయి. లేబుల్స్ దొరికిన గ్రాఫులకు అసలు గొడవే లేదు. లేబుల్స్ రాసి ఇవ్వండి, కమిటీవాళ్లు తీసివేతలు చేసి చూసుకుంటారు. వాటిని కనిపెట్టింది ప్రోగ్రామో, కలలో దేవుడో, ఎవరికి కావాలి? గొడవంతా ‘లేదు’ అన్నవాటి దగ్గరే.

భీమారం ఫిజిక్స్:

మా వైపు నుంచి చూస్తే మీ గణితంవాళ్లది మరీ చాదస్తం. 2012లో హిగ్స్ కణం దొరికిందన్నప్పుడు మేం పట్టుకున్న గీటురాయి ఐదు సిగ్మా. అంటే కణం లేకుండానే అంత సంకేతం కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి. దానికే చప్పట్లు. మీ ప్రోగ్రాం తప్పు చెప్పే అవకాశం అంతకన్నా తక్కువైతే ఒప్పుకోవడానికి ఇబ్బందేంటి?

హంటర్ రోడ్ స్టాటిస్టిక్స్:

అన్నా, ఆ 35 లక్షల లెక్క యాదృచ్ఛికపు పొరపాటుకే. వైరు వదులైతే సిగ్మా ఏం చేస్తుంది? 2011లో ఒపెరా ప్రయోగంవాళ్లు న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతికన్నా 60 నానో సెకన్లు ముందే వచ్చాయన్నారు. ఆరు సిగ్మా ఉండే. చివరికి తేలిందేంటి? ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. కోడ్‌లో బగ్ కూడా ఆ వైరు లాంటిదే. ‘బగ్ వచ్చే అవకాశం ఇంత’ అని ఎవరూ సిగ్మాలో చెప్పలేరు.

ములుగు రోడ్:

గోల్డ్‌బాక్ ప్రతిపాదనను 4 పక్కన 18 సున్నాల దాకా కంప్యూటర్‌తో చూశారు. 2 కన్నా పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే అయింది, ఒక్కటీ తప్పలేదు. మరి దాన్నెందుకు నిరూపణ అనరు? దీన్నెందుకు అనాలి? కంప్యూటర్‌కు ఒకచోట పీట, ఒకచోట ఈట!

కాజీపేట జంక్షన్:

ములుగు రోడ్ గారూ, రెండూ ఒకటి కాదు. గోల్డ్‌బాక్‌లో సంఖ్యలకు అంతు లేదు, ఎంత చూసినా చూడాల్సింది అనంతం. అలాంటి చోట కంప్యూటర్ మాట నమ్మితే పోల్యా ప్రతిపాదన గతి పడుతుంది. 1919లో ఆయన అన్నది: ఒక సంఖ్య దాకా ఉన్నవాటిలో ఎన్నింటికి ప్రధాన కారణాంకాలు బేసి లెక్కలో ఉన్నాయో చూస్తే, ఎక్కడ ఆగినా అవి సగానికి తగ్గవని. చూసినంతమేరా నిజమే అయింది. కానీ 90,61,50,257 దగ్గర తప్పుతుంది. 1958లో తప్పని తేలింది, ఆ మొట్టమొదటి సంఖ్య 1980లో దొరికింది. తొంభై కోట్ల దాకా బుద్ధిగా నడిచి ఆ తర్వాత చెయ్యిచ్చింది.

నాలుగు రంగులు అలా కాదు. పటాలు అనంతమే అయినా, ఈ కేసులు తప్పితే వేరేవి ఉండవు అని ముందు మనిషి నిరూపించాడు. ఆ పరిమితమైన కేసులనే మెషీన్ చూసింది. లెక్చరర్ గారిదీ అదే దారి.

హసన్‌పర్తి:

రామానుజన్ ఏ కంప్యూటరూ లేకుండా, నిరూపణా రాయకుండా ఇచ్చిన సూత్రాలు నిజం కాలేదా? నిరూపణ అంటూ ఇంత పట్టుదల ఎందుకు?

లెక్కల సారు, హుజూరాబాద్:

బాబూ, ప్రతి చర్చలోనూ ఆయన్ని లాగుతారు. ప్రధాన సంఖ్యల లెక్క దగ్గర రామానుజన్ సూత్రం తప్పిందని, ఆయన్ని కేంబ్రిడ్జ్‌కు పిలిపించిన హార్డీయే రాశారు. అంతటివారికే నిరూపణ కావాల్సి వచ్చింది.

కాజీపేట గారూ, మీ మెషీన్‌నే నమ్మమంటారా? పెంటియం చిప్ సంగతి మీకు నేను చెప్పాలా? 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.3338 రావాలి, ఆ చిప్ 1.3337 ఇచ్చింది. 1994లో బయటపెట్టింది ఎవరు? జంట ప్రధాన సంఖ్యల (మధ్య తేడా 2 ఉన్నవి) విలోమాలు కూడుతున్న ఒక గణిత ప్రొఫెసర్, థామస్ నైస్లీ. చిప్ చేసిన ఇంటెల్ కంపెనీ 47.5 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. చేత్తో భాగాహారం చేసేవాళ్లు లేకపోతే ఏమయ్యేది?

కాజీపేట జంక్షన్:

మా ఫీల్డ్‌లో చిన్నపిల్లలకు కూడా చెప్పే కథ అది సార్. ఆ దెబ్బ తర్వాతే చిప్‌లను గణితంతో నిరూపించడం సీరియస్‌గా షురూ అయింది. ఇక చేతి మాటకొస్తే, నాలుగు రంగులకు 1879లోనే కెంపె అనే ఆయన చేత్తో నిరూపణ రాశాడు. అందరూ ఒప్పుకున్నారు. 1890లో హీవుడ్ అందులో కన్నం చూపించేదాకా 11 ఏళ్లు అది సిద్ధాంతమే. కళ్లుండి చదివినవాళ్లే ఒప్పుకున్నారు.

బత్తాయిలు పేర్చినట్టు బంతులు పేరిస్తే అంతకన్నా తక్కువ చోటులో పేర్చలేం అన్న కెప్లర్ 1611 నాటి మాటను హేల్స్ 1998లో నిరూపించాడు. పేజీలకు పేజీలు, పక్కన కోడ్. పన్నెండు మంది రెఫరీలు ఏళ్లపాటు కూర్చుని, 99 శాతం నమ్మకముంది, అంతకుమించి మా వల్ల కాదన్నారు. చిరాకెత్తి ఆయన ఏం చేశాడు? మొత్తం నిరూపణను మెట్టు మెట్టుగా మెషీన్‌కు అర్థమయ్యే భాషలో రాయించి చెక్ చేయించాడు. 2014లో పూర్తయింది. నాలుగు రంగులకు 2005లో గోంతియే చేసింది కూడా ఇదే. ఇక్కడ మెషీన్ వెతకడం లేదు, ప్రతి అడుగూ తర్కానికి నిలబడుతుందా అని మాత్రమే చూస్తుంది. చూసే ఆ ప్రోగ్రాం చిన్నది, దాన్ని మనిషి చదవొచ్చు. గణితంలో పెద్ద బహుమతి అయిన ఫీల్డ్స్ మెడల్ వచ్చిన షోల్జె అంతటివాడే 2020లో, నా నిరూపణ ఒకటి నాకే అనుమానంగా ఉంది, మెషీన్‌తో చూడండని అడిగాడు. 2022లో సరేనని తేలింది.

సుబేదారి లెక్చరర్:

అందరికీ థాంక్స్. సారు పద్ధతి మా ‘లేదు’ లిస్టు మీద పెట్టి చూశాను. ప్రతి చుక్క దగ్గరా సరి సంఖ్యలో గీతలున్న గ్రాఫులకు అది అలాగే వర్తిస్తుంది, రోసా అనే గణితజ్ఞుడు 1967లోనే చెప్పిన మాట. అలా చాలావరకు చేత్తోనే పోయాయి, ప్రోగ్రాం పేరెత్తే పని లేదు. రెండు మాత్రం మిగిలాయి. వాటిలో బేసి గీతల చుక్కలున్నాయి, సరి బేసి వాదన పట్టదు.

లెక్కల సారు, హుజూరాబాద్:

సంతోషం. ఆ రెంటికీ పెద్ద తేడా నుంచి మొదలుపెట్టు తల్లీ. గీతలు 9 అనుకో. తేడా 9 రావాలంటే 0, 9 పక్కపక్కనే ఉండి తీరాలి. తేడా 8 రావాలంటే 0 పక్కన 8, లేదా 9 పక్కన 1. అక్కడ రెండు కొమ్మలు. ఒక్కో కొమ్మనూ కిందికి దింపుకుంటూ పో, ఎక్కడ తెగుతుందో రాసుకో.

కాజీపేట జంక్షన్:

సార్, కోపం తెచ్చుకోవద్దు. ప్రోగ్రాం చేస్తున్నది అక్షరాలా అదే కదా!

లెక్కల సారు, హుజూరాబాద్:

అదే అయితే ఇంకా మంచిది, కొమ్మలు కాగితం మీద చూపించమను. ‘లేదు’ అనే ఒక్క ముక్క చూపిస్తే నేను వైవాలో కూర్చున్నా ఒప్పుకోను.

హంటర్ రోడ్ స్టాటిస్టిక్స్:

మేడమ్, ఇంకో పని కూడా చేయండి. మీ కోడ్ చూడని వేరే మనిషితో, వేరే భాషలో మళ్లీ రాయించండి. రెండూ ఒకే మాట చెబితే కమిటీ ముందు కొంత బలం. మొత్తం కోడ్ అనుబంధంలో పెట్టండి.

సుబేదారి లెక్చరర్:

కొమ్మలన్నీ ప్రింట్ చేయించాను సార్. ఒక గ్రాఫ్‌ది నాలుగు పేజీల్లో అయిపోయింది, రాత్రి పెన్సిల్‌తో చెక్ చేశాను, సరిపోయింది. దాన్ని నేరుగా చాప్టర్‌లో పెట్టేస్తున్నా. రెండోది నూట యాభై పేజీలు దాటింది. దాన్ని కమిటీలో ఎవరు చదువుతారు?

లెక్కల సారు, హుజూరాబాద్:

నాకు పంపు. ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో నేను చదవలేను.

కాజీపేట జంక్షన్:

నాకు ఫైలు పంపండి మేడమ్. సారు చదివి ముగించేలోపు ఇంకో ప్రోగ్రాంతో చెక్ చేసి పెడతాను. ఇద్దరిలో ఎవరికి తప్పు దొరికినా ఇక్కడే రాద్దాం.