జిడ్డు తలకి రోజూ తలస్నానమా, వారానికి రెండుసార్లేనా? పొడుగు జడ ఉంచుకోవాలా, కత్తిరించాలా?

ఉప్పల్_టు_మాదాపూర్ (చర్చ మొదలుపెట్టినవారు)
నాది నడుము దాటిన జుట్టు. సన్నటి వెంట్రుకలు, తిన్నగా ఉంటాయి. ఆదివారం తలస్నానం చేస్తే సోమవారం సాయంత్రానికే పాపిడికి రెండు పక్కలా పాయలు పాయలుగా అతుక్కుపోతుంది. రోజూ స్కూటీ, హెల్మెట్, చెమట. మా అత్తగారు "రోజూ షాంపూ పెడితే ఇంకా జిడ్డు ఊరుతుంది, నాలుగు రోజులు ఓపిక పడితే తలే సర్దుకుంటుంది" అంటారు. ఆఫీసులో నా పక్క సీటమ్మాయి రోజూ కడగమంటుంది. మా చెల్లేమో భుజాల దాకా కత్తిరించి పారేయమంటుంది. మీరేమంటారు? "మా ఇంట్లో ఇంతే" అని కాకుండా కారణం కూడా చెప్పండి.

కుంకుడుచెట్టు
నేను మీ అత్తగారి పక్షమే. వారానికి రెండుసార్లు తలంటు చాలు. ముందు రోజు రాత్రి గింజలు తీసిన కుంకుడుకాయలు వేడినీళ్లలో నానేసి, పొద్దున్నే నురగ వచ్చేదాకా పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టుకోండి. వడకట్టకపోతే పిప్పి తల్లో ఇరుక్కుని దువ్వెనకి అడ్డం పడుతుంది. చివర్న గుప్పెడు మందారాకు రుబ్బి కలిపితే జుట్టు జారుతూ దువ్వెనకి లొంగుతుంది. రోజూ నీళ్లు తగిలే జుట్టు గట్టిగా ఉండదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, తొందరగా తెగుతుంది. పొద్దున బస్సు అందుకోవాలని తడి జడ అల్లుకుని పరిగెత్తేవాళ్లకి ఎన్ని వెంట్రుకలు ఊడతాయో వాళ్ల దువ్వెనే చెబుతుంది.

మందులషాపు
తడి జుట్టు సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ "కడిగితే ఇంకా ఊరుతుంది" అన్న మాట దగ్గరే నా పేచీ. మాడు మీద ప్రతి వెంట్రుక కుదురు పక్కనా నూనె గ్రంథి ఉంటుంది. అది ఎంత నూనె చేయాలో చెప్పేవి ప్రధానంగా ఆండ్రోజెన్లు, అంటే ఆడవాళ్లలోనూ కొంత ఉండే మగ హార్మోన్లు. అందుకే పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో మొహమూ తలా ఒక్కసారిగా జిడ్డెక్కుతాయి, పెద్ద వయసులో తగ్గుతాయి. పైన షాంపూ పెట్టారో లేదో లోపలున్న గ్రంథికి కబురు వెళ్లదు. నేల తుడిచినంత మాత్రాన పైకప్పు కారడం పెరగదు కదా.

మరి కడిగిన మర్నాడే జిడ్డు వచ్చినట్టు ఎందుకనిపిస్తుంది? శుభ్రంగా ఉన్న తల మీద కొంచెం వచ్చినా కనిపిస్తుంది. నాలుగు రోజుల జిడ్డు మీద ఇంకో రోజుది చేరితే తేడా తెలియదు. దాన్నే "తల సర్దుకుంది" అనుకుంటున్నాం. పైగా మీవి తిన్నటి, సన్నటి వెంట్రుకలు. నూనె కుదురు నుంచి కిందికి సులువుగా పాకుతుంది. ఉంగరాల జుట్టువాళ్లకి అంతే నూనె వచ్చినా అంత త్వరగా బయటపడదు. అందుకే ఒకే ఇంట్లో అక్కకి సరిపోయిన లెక్క చెల్లెలికి సరిపోదు.

2021లో ఆసియా ప్రజల మీద ఒక అధ్యయనం వచ్చింది. వారానికి 5, 6 సార్లు కడిగేవాళ్లే తమ జుట్టు, మాడు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు.

కుంకుడుచెట్టు
ఆ అధ్యయనంలో షాంపూలు అమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ శాస్త్రవేత్తలు ఉన్నారన్నది కూడా చెప్పాలి కదండీ. ఎక్కువ కడగమని ఎవరు చెబితే ఎవరికి లాభం?

మందులషాపు
చెప్పాల్సిందే, మంచి ప్రశ్న. అదే కొలతతో 2003 నాటి కొబ్బరినూనె పరిశోధనని కూడా చూడండి. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడం తగ్గుతుందని, పొద్దుతిరుగుడు నూనెకీ మినరల్ ఆయిల్‌కీ ఆ గుణం లేదని అందులో తేలింది. చేసింది పారాచూట్ నూనె తయారుచేసే మారికో వాళ్లు. నేను రెండింటినీ నమ్ముతాను. ఎందుకంటే ఒకటి ముఖ్యంగా మాడు గురించి చెబుతోంది, రెండోది వెంట్రుక గురించి. మనం ఈ రెండూ ఒకటే అనుకోబట్టే ఇళ్లల్లో ఈ గొడవ తెగట్లేదు.

ఓరుగల్లు_అక్క
నేను చెప్పాలనుకున్నది గిదే. నాది గూడ మోకాళ్లకు దగ్గరున్న జుట్టు, జిడ్డు తల. జడ మొత్తం రోజు కడుగుడేంది, తిప్పలు! జడ వదులుగ అల్లి ఎనకకు ఏసుకోని, నెత్తి వరకే షాంపూ పెట్టాలె. అరచేతిల నీళ్లు కలిపి పల్చగ చేసి, గోర్లు తగలకుంట వేళ్ల కొసలతోని చెవుల ఎనక, మెడ మీద మంచిగ రుద్దాలె. ఎక్కువ మంది నడినెత్తి మీద రుద్ది వదిలేస్తరు, మెడ కాడ అట్లనే ఉంటది. నీళ్లు పోస్తే దిగే నురగతోని కింది జడ అదే సాఫ్ అయితది. జడ ఇప్పి మొత్తం కడిగేది వారంల ఒకటి రెండు సార్లు చాలు. గిట్ల చేస్తే ఆరేటందుకు గూడ ఎక్కువ సేపు పట్టదు.

కత్తిరించుడు మాత్రం వద్దు చెల్లె. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటర్ పెరుగుతది. నీ నడుము కాడున్న కొసలు ఐదారేండ్ల కిందటియి. ఒక్క మధ్యాహ్నం పార్లర్ల కూసుంటె అన్నేండ్లు పోతయి.

బెజవాడ_పార్లర్
అక్కా, ఆ ఐదారేళ్ల కొసలే చిట్లిపోయి ఉంటే వాటిని మోసుకు తిరగడం దేనికి? నా కుర్చీలో కూర్చునే అమ్మాయిల్లో చాలామందికి జుట్టు మీద ప్రేమ ఉంది, దాన్ని చూసుకునే టైమ్ లేదు. పొద్దున ఏడింటికి ఇల్లు వదలాల్సిన మనిషికి నడుము దాకా జుట్టు ఆరబెట్టుకునే వీలు ఎక్కడిది? ఆరదని కడగడం వాయిదా వేస్తారు, జిడ్డు పేరుకుంటుంది, దురద మొదలవుతుంది.

ఉప్పల్ గారూ, కత్తిరిస్తే మూడు సంగతులు చూసుకోండి. నుదుటి మీదికి పడే కట్ అసలొద్దు. నుదురు కూడా జిడ్డు చోటే, హెల్మెట్ కింద ఆ వెంట్రుకలు మధ్యాహ్నానికే అంటుకుంటాయి. సన్న జుట్టుకి లేయర్లు ఎక్కువ పెట్టించొద్దు, కొసలు ఎలకతోకలా అవుతాయి. కొసలన్నీ ఒకే వరసలో కట్ చేయిస్తే ఒత్తుగా కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, క్లచ్చర్‌కి అందే పొడుగు ఉంచండి. మరీ పొట్టి చేస్తే అది ముడికి రాదు, విరబోసుకోక తప్పదు. విరబోసుకున్నాక చెయ్యి ఊరుకోదు, రోజంతా సర్దుతూనే ఉంటాం. చేతికున్న జిడ్డూ చెమటా అదంతా జుట్టుకే.

పాపిడి కూడా అప్పుడప్పుడు మార్చండి. ఎప్పుడూ ఒకే చోట తీస్తే ఆ గీత వెంటే అణిగిపోయి, లేని జిడ్డు కూడా ఉన్నట్టుంటుంది.

ఉప్పల్_టు_మాదాపూర్
అందరికీ థాంక్స్. ఒక సంగతి రాయలేదు. మాది బోరు నీళ్లు. అప్పుడప్పుడు షాంపూ అయిపోతే ఒంటి సబ్బే తలకీ రుద్దేస్తాను. దువ్వెన పళ్ల మధ్య బూడిద రంగు మడ్డి పేరుకుంటోంది. ఈమధ్య చెవుల వెనక పసుపుపచ్చ పొట్టు కూడా రాలుతోంది. అత్తగారు పొడి చుండ్రు అని నూనె పట్టిస్తున్నారు.

మందులషాపు
సబ్బు ఇవాళే మానెయ్యండి. గట్టినీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే కరగని మడ్డి తయారవుతుంది. బకెట్ అంచుకి పట్టేది అదే. ఉత్త నీళ్లతో ఎంత కడిగినా అది జుట్టునుంచి తేలిగ్గా పోదు, ముట్టుకుంటే జిడ్డులాగే ఉంటుంది. మీరు జిడ్డంటున్న దాంట్లో కొంత ఇదే అయ్యుండాలి. షాంపూతో ఈ గొడవ ఉండదు.

ఆ పసుపు పొట్టు పొడిబారడం వల్ల వచ్చేదిలా లేదు. మాడు మీద మలసీజియా అనే ఈస్ట్ (కంటికి కనిపించని ఒక రకం బూజు) ఉంటుంది, మన జిడ్డే దానికి తిండి. నూనె పెడితే దానికి ఇంకాస్త మేత దొరికినట్టే. ఆ ఈస్ట్‌ని అణిచే మందు కీటోకోనజోల్ 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, మాడుకి పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాలకీ తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, జిడ్డు కూడా కొత్తగా పెరిగి ఉంటే అన్నాళ్లు ఆగొద్దు, ముందే వెళ్లండి. అది హార్మోన్ల తేడా కావచ్చు, షాంపూతో పోయేది కాదు.

కుంకుడుచెట్టు
పొట్టు ఉంటే మాడుకి నూనె వద్దు, సరే. కొసలకి మాత్రం మానొద్దు. తలస్నానానికి గంట ముందు జడ కింది సగానికి రెండు చెంచాల కొబ్బరినూనె, అంతే. రోజూ మాడు కడిగే మనిషికి ఇది ఇంకా అవసరం. అత్తగారి చేతే రాయించుకోండి. ఆవిడ నూనె గిన్నె పట్టుకు వచ్చేది మీ మీద ప్రేమతోనే, వద్దని లేచిపోకండి.

ఉప్పల్_టు_మాదాపూర్
ఈ మాట ఆవిడకి చదివి వినిపిస్తాను. పార్లర్ గారూ, భుజాల దాకా కాకుండా వీపు మధ్యకి కట్ చేయిస్తే జడ నిలుస్తుందా? హెల్మెట్ కింద ముడి పట్టట్లేదు, జడే కావాలి.

బెజవాడ_పార్లర్
నిలుస్తుంది. మీది సన్న జుట్టు కదా, మెడ దగ్గర మొదలుపెట్టి వదులుగా అల్లండి. రబ్బరు బ్యాండ్ కాకుండా గుడ్డ బ్యాండ్ వేయండి. కట్‌కి వచ్చే రోజు నూనె పెట్టుకుని రాకండి, కొసలు ఎక్కడిదాకా చిట్లాయో కనిపించదు.